మీ అమ్మ నేర్పలేదా?

వంట చెడినప్పుడు మగవాళ్ళని ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. మన గోదావరి జిల్లాల్లో ఏ పెళ్ళికైనా వెళ్ళి చూడండి. వంటవాళ్ళు పులిహోరలో ఉప్పు మరిచిపోయినా, పనసపొట్టు కూరలో ఆవ చేదెక్కినా, "ఈసారి వీళ్ళని పెట్టుకోకూడదు" అనుకుని తాంబూలం పుచ్చుకుని వచ్చేస్తాం. అదే కొత్తకోడలి చేతిలో ఒక్క వాయి అరిసెలు విరిగాయా, మాట సిద్ధంగా ఉంటుంది: "మీ అమ్మ నేర్పలేదా?" కుదిరితే నలభీమ పాకం అని మగవాళ్ళ పేరు చెబుతాం. కుదరకపోతే మాట పడేది మాత్రం ఆడపిల్ల పుట్టిల్లు.

పోయిన సంక్రాంతికి మా ఆడపడుచు కూతురు డాలస్ నుంచి ఫోన్ చేసింది. "అత్తయ్యా, రెండో వాయి కూడా నూనెలో విచ్చిపోయింది" అంది ఏడుపు గొంతుతో. వాళ్ళత్తగారు అప్పుడు అక్కడే ఉన్నారు. ఆ ప్రశ్న అప్పటికే వేసేశారట. పాపం పిల్ల ముగ్గుర్ని అడిగి, కాగితం మీద రాసుకుని మరీ మొదలుపెట్టింది. ఒకావిడ పాకం లేతగా ఉండాలందిట. ఇంకొకావిడ ముదురుగా ఉండాలందిట. మూడో ఆవిడ పళ్ళెంలో నీళ్ళు పోసి పాకం చుక్క వేసి, వేళ్ళతో దగ్గరకి తీస్తే మెత్తగా ఉండ కట్టాలందిట. మూడో మాటే సరైనది. పిల్ల అదే చేసింది. అయినా విరిగాయి.

"పిండి ఎక్కడిదమ్మా?" అన్నాను.

"షాపులో ప్యాకెట్ అత్తయ్యా."

సంగతంతా అక్కడే ఉంది. అరిసెలకి కావలసింది తడిపిండి. బియ్యం ఓ రోజంతా నానబెట్టి, నీళ్ళు మారుస్తూ, వార్చి, గుడ్డ మీద కాసేపు ఆరనిచ్చి, చేత్తో పట్టుకుంటే చెమ్మ తగులుతూ ఉండగానే దంచాలి, లేదా మరపట్టించాలి. జల్లించిన పిండిని గిన్నెలో నొక్కిపెట్టి మూత వెయ్యాలి, చెమ్మ పోకుండా. పొడిపిండి పాకంలో కలిసినట్టే కనిపిస్తుంది గానీ దానికి పట్టుండదు. ఈ మాట ఆ ముగ్గురిలో ఒక్కరూ చెప్పలేదు. దాచుకుని కాదు. వాళ్ళ లెక్కలో అరిసెల పిండి అంటే తడిపిండే, ఇంకోటి లేదు. రోలు, రోకలి, పండగ ముందు మర దగ్గర గిన్నెలు పట్టుకుని బారులు తీరే ఆడవాళ్ళు, ఇదంతా కళ్ళ ముందు ఉన్నవాళ్ళకి ఆ మాట విడిగా చెప్పాలని ఎందుకు తోస్తుంది?

నాకు అనిపించేది ఇదే. వంట చెప్పేవాళ్ళు తమకి బాగా తెలిసిందే వదిలేస్తారు. పనసపొట్టు కూర చెప్పేటప్పుడు ఆవ నూరి కలపమంటారు. పొయ్యి మీంచి దించి, కాస్త వేడి తగ్గాక కలపాలని అనరు. వేడి మీద కలిపితే ఘాటు పోయి చేదు మిగులుతుంది. పేణీ అన్నంలో నీళ్ళ కొలత చెబుతారు, బియ్యం కొత్తవో పాతవో చెప్పరు. మన మార్టేరు కేంద్రం నుంచి వచ్చిన స్వర్ణ కూడా ఈ ఏడాది పంటైతే ఒక రకంగా, ఏడాది నిలవుంటే ఇంకో రకంగా ఉడుకుతుంది కదా.

ఇంకో మాట ఉంది, "నీ చేతి మహిమే వేరు" అని. వినడానికి బాగానే ఉంటుంది, నాకూ ఇష్టమే. కానీ మహిమ అన్నాక ఇక నేర్పేదేముంటుంది? కుదరని పిల్లకి చెయ్యి మంచిది కాదని తేల్చినట్టే. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ఊళ్ళో ఇంటింటా ఆడవాళ్ళు బోర్లించిన కుండ మీద పల్చని పిండి గుడ్డతో ఒక్క ఊపులో పరుస్తుంటే చూసేవాళ్ళు మహిమనే అంటారు. వాళ్ళకి మాత్రం అది కుండ వేడి, పిండి పల్చదనం, చిరిగిన రేకులు. అక్కడ రేకు చిరిగితే పుట్టింటి మీదకి ఎవరూ పోరు. అది పని, పనిలో నష్టం ఉంటుంది.

ఆవకాయ సంగతి ఇంకా బాధ. ఆయనకి బీపీ అని మా వీధిలో ఒకావిడ ఉప్పు సగానికి తగ్గించి జాడీ కట్టింది. ఎవరో చెప్పార్ట. శ్రావణం వచ్చేసరికి పైన తెల్లగా బూజు. పాతిక కాయలు, అంత నూనె, కారం, ఆవపిండి, అన్నీ కలిపి చీకటి పడ్డాక కాలవ గట్టున పారబోసింది. మర్నాడు ఎవరికీ చెప్పలేదు. నాకు తెలిసింది రెండేళ్ళకి. ఈలోగా అదే సలహా విని ఎన్ని జాడీలు పోయాయో! ఆవకాయని నిలబెట్టేది ఉప్పే. బీపీ ఉంటే తినడం తగ్గించాలి గానీ జాడీలో ఉప్పు కాదు. అలాగే పాత సోల కొలత కల్లుప్పుకి చెప్పింది. అదే సోలతో మెత్తని ప్యాకెట్ ఉప్పు పోస్తే తూకం పెరిగి ఉప్పు కషాయమౌతుంది.

మా అమ్మ బీరువాలో చీరల మధ్య మాలతీ చందూర్ గారి 'వంటలు-పిండివంటలు' ఉండేది, నూనె మరకలతో. అమ్మ పెన్సిల్‌తో అంచుల్లో రాసుకునేది: "కొత్త బియ్యం, నీళ్ళు తగ్గించాలి", "వానలో ఆరలేదు, వద్దు", "రెండుసార్లు పోయింది". నేను ఇప్పటికీ ముందు చూసేది ఆ పెన్సిల్ గీతల్నే. బాగా కుదిరిన వంట ఫోటోలు ఫోన్‌లో రోజుకి ఇరవై వస్తున్నాయి, విరిగిన అరిసె ఫోటో ఒక్కటి రాదు. అది పంపండి. ఏ బియ్యం, ఎంతసేపు నానింది, బెల్లం ఎలాంటిది, చలిమిడి ఎక్కడ పల్చబడింది, అవి రాయండి.

పండగ దగ్గరకొస్తోంది కాబట్టి ఇది కూడా. తడిపిండి అంతా ఒకేసారి పాకంలో పొయ్యకుండా రెండు గుప్పిళ్ళు పక్కన ఉంచుకోండి, చలిమిడి జారితే కలపడానికి. గట్టిపడిందా, గోరువెచ్చని పాలు కొంచెం చిలకరించి మర్దించండి. ముందు ఒక్క అరిసె వేసి చూసి తర్వాత మిగతావి వత్తండి. అదీ కుదరకపోతే కొబ్బరి ముక్కలు వేయించి, నెయ్యి పోసి, చలిమిడిగానే పెట్టేయండి. పుట్టింటివాళ్ళు ఆడపిల్లకి ఒళ్ళో పెట్టి పంపేది ఎలాగూ చలిమిడే.