శీతకాలపు పోటీలు - పెద్దల బాధ్యత

కార్తికము గడచి, తుపానుల భయము తగ్గి, తూర్పుకనుమలమీదినుండి చల్లగాలి దిగుటతోడనే విశాఖపట్టణమున మైదానములు మేల్కొనును. గాజువాక మొదలు భీమునిపట్టణము వరకు, సూర్యోదయమునకు ముందే, తమకంటె బరువైన సంచులను భుజములకు తగిలించుకొని బాలురు బస్సులకొరకు నిలుచుండుట ఈ దినములలో నిత్యదృశ్యము. సంక్రాంతి సెలవులు వచ్చెనేని పేటపేటకును ఒక కప్పు, వాడవాడకును ఒక బహుమానము. ఇది ఆనందింపదగిన విషయమే. ఆడని జాతికి ఆరోగ్యము లేదు; ఆరోగ్యములేని జాతికి స్వాతంత్ర్యము నిలువదు. కాని పోటీలు పెట్టుట వేరు, పోటీలు నడపుట వేరు. ఈ రెంటికిగల భేదమును గూర్చి నాలుగుమాటలు నిర్మొగమాటముగ చెప్పవలసిన సమయము వచ్చినదని మే మెంచుచున్నాము.

గడచిన శీతకాలమున మే మొక బాలుర క్రికెట్టు పోటీయొక్క తుదియాటను చూడబోయితిమి. ఉదయము తొమ్మిదింటికి ప్రారంభము కావలసిన ఆట మధ్యాహ్నమువరకు ప్రారంభము కాలేదు. ఒక జట్టువారు ఎదిరిజట్టులోని బాలు డొకనికి రెండు జన్మపత్రములు గలవని ఆక్షేపించిరి. పెద్దలు గుడారమున చేరి వాదించుకొనిరి, చేతులు లేచినవి, పూర్వపు కలహములన్నియు బయటబడినవి. ఇరువదిరెండుగురు బాలురు గీతకావల గడ్డిపై కూర్చుండి, తెచ్చుకొన్న అన్నపుడబ్బాలు విప్పుకొని, పెద్దలను చూచుచుండిరి. తుదకు ఆట జరుగకయే కప్పు ఒకరికి ఈయబడినది. గెలిచినవారి ముఖముననైన వెలుగు లేదు. ఆ పోటీ పేరుగాని, నడపినవారి పేరుగాని మే మిచట చెప్పము. ఒకరిని నిందించుట మా యుద్దేశము కాదు. ఇది యొక్కచోటి జాడ్యమును కాదు.

మన పట్టణము పెద్దపనులు చేయనేరని పట్టణము కాదు. 1933లో ఈ రేవు తెరువబడినది. 1948లో ఇచటి నౌకానిర్మాణశాలనుండి 'జలఉష' సముద్రమున దిగినది. ఉక్కు కర్మాగారము ఆంధ్రుల హక్కని 1966లో ఈ గడ్డ ఎలుగెత్తి చాటినది, రక్తము ధారవోసినది. ఆటలలోను వెనుకబడలేదు. 1988లో ఇందిరా ప్రియదర్శినీ మైదానమున దేశాంతరపు జట్టు వచ్చి ఆడినది. 2005లో మధురవాడ మైదానమున ధోనీ పాకిస్థానుపై 148 పరుగులు తీసి లోకప్రసిద్ధుడయ్యెను. 2016లో టెస్టుపోటీ కూడ వచ్చినది. ఓడను నీట దింపుటకు ముందు దాని ప్రతి అతుకును పరీక్షించుట ఈ ఊరివారికి తెలిసిన విద్య. బాలుర పోటీల విషయమున మాత్ర మా విద్యను మఱచుట యేల?

బాలుర పోటీయే కదా యని తేలికగ చూచువారికి ఒక్క యుదాహరణము చాలును. 2017-18లో పదునాఱేండ్ల లోపువారికి జరుగు విజయ్ మర్చంట్ ట్రోఫీలో మన విశాఖ బాలుడు నితీశ్ కుమార్ రెడ్డి 1237 పరుగులు తీసెను. ఏడేండ్లు గడచినవి. 2024 డిసెంబరులో మెల్‌బోర్న్ మహామైదానమున ఆస్ట్రేలియావారిపై శతకము కొట్టినవాడు ఆ బాలుడే. ఆనాటి పోటీ లేకున్న ఈనాటి శతకము లేదు. అయితే ఆ బాలుని ఆటకొరకు తండ్రి తన యుద్యోగమునే వదలుకొనెనని లోకమెఱుగును. ఆ త్యాగమునకు నమస్కరింతము. కాని ప్రతి తండ్రియు ఉద్యోగము వదలుకొనగలడా? రేవులో కూలిచేయువాడు, మల్కాపురమున చిన్నకొట్టు పెట్టుకొన్నవాడు, పాడేరునుండి నూఱు కిలోమీటర్లకు పైగా కొడుకును పంపవలసినవాడు ఏమి వదలుకొనును? తండ్రుల త్యాగముపై ఆధారపడునది క్రీడావ్యవస్థ కాదు, అదృష్టపరీక్ష. సామాన్యుని బిడ్డకు త్రోవచూపుటకే సంఘములు గలవు.

మొదట పోటీ స్వరూపమునే పరికింతము. మన యూళ్ళలో అధికముగ జరుగునది ఓడినవాడు ఇంటికి పోవు పద్ధతి. పదునాఱు జట్లు చేరినచో మొదటి ఆటతోనే ఎనిమిది జట్లు వెడలిపోవును. నెలలతరబడి అభ్యాసము చేసి, ప్రవేశరుసుము కట్టి, మొదటి బంతికే వెనుదిరిగిన బాలున కా సంవత్సరమున మఱి యాట లేదు. ఆ పదునాఱు జట్లనే నాలుగేసి చొప్పున నాలుగు తెగలుగ విభజించిన యెడల ప్రతిజట్టును మూడేసి ఆటలు ఆడును. తెగలలో జరుగు ఆటలు ఇరువదినాలుగు; ఆపై రెండు ఉపాంత్యములు, ఒక తుదియాట; మొత్త మిరువదియేడు. మొదటి పద్ధతిలో ఆటలు పదునైదు. రెండు మైదానములలో దినమునకు రెండేసి ఇరువది ఓవర్ల ఆటలు జరిపినచో మొదటిది ఐదు దినములలో, రెండవది ఎనిమిది దినములలో ముగియును. భేదము మూడు దినములు! మూడు దినముల శ్రమకు వెనుదీసి సగము బాలుర శీతకాలమును ఒక్క పూటలో ముగించుట ధర్మమా? బాలుర పోటీకి గీటురాయి కప్పు ఎవరు గెలిచిరన్నది కాదు. ఓడిన జట్టు ఎన్ని ఆటలాడి ఇంటికి చేరినదన్నదే.

రెండవది వయస్సు. జననములను నమోదు చేయుటకు 1969లోనే దేశమంతటికి చట్టము వచ్చినది. అయినను పత్రము దిద్దు చేతులు ఆగలేదు. భారత క్రికెట్టు నియంత్రణమండలివారు పదునాఱేండ్ల లోపు బాలుర మణికట్టును ఎక్స్‌రే తీయించి, ఎముక పెరుగుదలనుబట్టి వయస్సును నిర్ణయించుచున్నారు. 2020లో, తమంతట తాము ఒప్పుకొన్నవారిని క్షమింతుమనియు, దాచి పట్టుబడినవారిని రెండేండ్లు నిషేధింతుమనియు ప్రకటించిరి. ఈ రోగము మనదేశమునకే చెందినదియు కాదు. క్రికెట్టునకు దూరపుచుట్టమగు బేస్‌బాల్ ఆటలో, అమెరికాయందు పండ్రెండేండ్లవారికై జరుగు లిటిల్ లీగు ప్రపంచ పోటీలో, 2001లో ఒక బాలుడు అద్భుతముగ బంతి విసరి అందరి నబ్బురపఱచెను. అతనికి పదునాలుగేండ్లని పిదప తేలినది. ఆ జట్టు విజయములన్నియు రద్దయినవి. బాలుని తండ్రియు, జట్టు నిర్వాహకుడును జీవితాంతము బహిష్కరింపబడిరి. అచటివారు దండము ఎవరిపై పడవలెనో ఎఱిగిరి. పత్రము దిద్దినవాడు బాలుడు కాదు, పెద్దవాడు. మనవారు తఱచుగ బాలుని వెళ్ళగొట్టి పెద్దవానిని వేదికపై కూర్చుండబెట్టుదురు.

కావున పోటీకి ఒక నెలముందే పత్రములు పరీక్షించి, పేర్లపట్టికను బహిరంగముగ ప్రకటించి, ఆక్షేపణలకు గడువిచ్చి, మొదటి బంతి పడకముందే వ్యవహారము ముగింపవలెను. ఆట మొదలైన పిదప వయస్సును గూర్చిన వాదము వినరాదు. ఈ యొక్క నియమమున్నచో మేము చూచిన ఆ దుర్దినము సంభవించియుండదు.

మూడవది బాలుర దేహరక్షణ. జపానుదేశమున ఉన్నతపాఠశాలల బేస్‌బాల్ పోటీ 1915నుండి జరుగుచున్నది. కోషియెన్ అను మైదానము వారికి తీర్థక్షేత్రమువంటిది. 1998లో మత్సుజాకా అను విద్యార్థి ఒక్కయాటలో 250 బంతులు విసరెను. దేశమంతయు కన్నీరు నించి కొనియాడినది. కాలక్రమమున వారికే సందేహము పుట్టినది: బాలుని భుజముపై పెద్దల యుత్సాహము నింత మోపవచ్చునా? 2020నుండి ఒకడు వారమునకు 500 బంతులకు మించి విసరరాదని వారు నియమించుకొనిరి. అమెరికావారి లిటిల్ లీగు 2007లోనే వయస్సునుబట్టి బంతుల లెక్క విధించినది. ఇంగ్లండువారు తమ బాలురలో వేగముగ బంతివేయువారికి వరుసగా వేయదగిన ఓవర్లకు హద్దు పెట్టిరి. మన పోటీలలో నేమి? వేగముగ వేయు బాలు డొకడు దొరికెనా, ఉదయమొక జట్టునకు, సాయంకాలమొక జట్టునకు, ఆదివారము మూడవ జట్టునకు వానిచేతనే వేయింతురు. పదునెనిమిదవ యేట వాని నడుము విఱిగినప్పుడు కప్పులు గెలుచుకొన్నవా రెవరును వానియింటికి పోరు. లెక్కవ్రాయువాడు పరుగులతోపాటు ప్రతిబాలుని వారపు ఓవర్లను వ్రాయుట యెంతపని?

నాలుగవది ఎంపిక. ఈ విషయమున మన చరిత్రయే మనకు గురువు. తెలుగువాడగు సి. కె. నాయుడు 1932లో లార్డ్స్ మైదానమున భారతదేశపు తొలి టెస్టుజట్టునకు నాయకుడయ్యెను. ఆ జట్టునకు పెద్దగ వచ్చిన పోరుబందరు మహారాజు ఆటలో తన శక్తి నెఱిగి తప్పుకొని, అర్హునికి చోటిచ్చెను. 1936లో కథ తారుమారైనది. విజయనగర మహారాజకుమారుడు నాయకుడైనాడు. నాయుడు ఆయనక్రింద ఆడవలసివచ్చినది. లాలా అమర్‌నాథ్ నడుమనే ఇంటికి పంపబడెను. మూడు టెస్టులలో రెండు ఓడితిమి. మహారాజకుమారుని వదాన్యత మఱువదగినది కాదు. ఆయన క్రికెట్టునకు ధారవోసిన ధనము సామాన్యము కాదు. కాని పోషకుడు వేరు, ఆటగాడు వేరు. నాయుడో, ఏబదియెనిమిదేండ్ల వయస్సున, 1953-54లో, అప్పుడే పుట్టిన ఆంధ్రజట్టు పక్షమున బ్యాటు పట్టి నిలిచెను. రాజులు పోయిరి. సిఫారసు మాత్రము పోలేదు. ఇప్పుడది రాజభవనమునుండి గాక సెల్లుఫోనునుండి వచ్చుచున్నది. ఎంపికదినమున బాలుడు తీసిన పరుగులు, పడగొట్టిన వికెట్లు కాగితముపై వ్రాసి గోడకు అంటించినచో సిఫారసు సగము చచ్చును. తన బంధువు పోటీపడునప్పుడు ఎంపికచేయువాడు లేచిపోయినచో మిగిలిన సగము చచ్చును.

కాలనిర్ణయమును గూర్చి ఒక్కమాట. ఆశ్వయుజ కార్తికములు ఈ తీరమున తుపానులకాలము. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ ఈ పట్టణముపై విరుచుకుపడగా, రెండు దినముల పిదప జరుగవలసిన వెస్టిండీసు ఆటయే రద్దయినది. వైశాఖమున ఎండలు బాలుర ప్రాణములకే ముప్పు. మార్చి సమీపించుకొలది పరీక్షలు. మిగిలినది డిసెంబరునుండి ఫిబ్రవరివరకు గల కొద్ది వారములు మాత్రమే. ఇంత చిన్న ఋతువును గూర్చి దసరానాటికే పట్టిక సిద్ధపఱచి పాఠశాలలకు పంపవలదా? రేపటి యాటను నేటిరాత్రి ప్రకటించుచున్నంతకాలము చదువును ఆటయు పగవారుగనే యుండును.

బాలికల మాట మఱచితిమని యెవరును తలపరాదు. 2025 అక్టోబరులో మహిళల ప్రపంచకప్పు ఆటలు విశాఖలోనే జరిగినవి. ఇచట భారతజట్టు రెండుసార్లు ఓడినది. నవంబరు 2వ తేదీన ఆ జట్టే కప్పు గెలిచినది. అందు కడపజిల్లా బాలిక శ్రీచరణి యుండెను. చప్పట్లు కొట్టితిమి, బాగున్నది. ఈ శీతకాలమున మన పేటలోని ఎన్ని కప్పులు బాలికలకై పెట్టబడినవి? వారికి దుస్తులు మార్చుకొనుటకు గదియైన నున్న మైదానము లెన్ని? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పగలిగిననాడే మన చప్పట్లు నిజమైనవి.

సంఘములను నడపువారు మాతో వాదింపవచ్చును: ధనమెక్కడిది, మైదానమెక్కడిది, మేము జీతములేక శ్రమించుచున్నాము గదా యని. ఈ మాటలో సత్యమున్నది. మంచులో వచ్చి పిచ్చిని చదునుచేయువానికి, ఎండలో నిలిచి వేలెత్తు అంపైరునకు, దినమంతయు తలవంచి లెక్కవ్రాయువానికి ఈ పట్టణము ఋణపడియున్నది. వారిని మేము నిందింపము. ధనమును గూర్చి మేము కోరునదొక్కటే: ప్రవేశరుసుములెంత, దాతలిచ్చినదెంత, బంతులకు, అంపైర్లకు, వేదిక యలంకారములకు వ్యయమైనదెంతయని పోటీముగిసిన వారమున లెక్క ప్రకటింపుడు. పూలదండలకు పోయినదానిలో కొంత పేదబాలుని బస్సు ఖర్చులకు పోవుగాక. మైదానముల సంగతి మన చేతులలోనే యున్నది. రేవు, రైల్వే, ఉక్కునగరము, విశ్వవిద్యాలయము, వీరందరికిని మైదానములు గలవు. ఏడాదికి ఎనిమిది దినములు పేటబాలురకు తెఱచుట వారికి భారము కాదు. ప్రతి పాఠశాలకును ఆటస్థల ముండవలెనని 2009నాటి విద్యాహక్కు చట్టమే చెప్పుచున్నది. మేడమీద మేడ కట్టి, బాలుని గదిలో బంధించి, ర్యాంకులను గోడలపై వ్రాసికొనువారిని ఈ విషయమున అడుగువారు లేరా?

2016లో సర్వోన్నత న్యాయస్థానము క్రికెట్టు సంఘముల సంస్కరణమునకు పూనుకొన్నది. 2025లో పార్లమెంటు జాతీయ క్రీడాపాలన చట్టమును చేసినది. మంచిదే. కాని ఢిల్లీలో బయలుదేరిన చట్టము మన పేట మైదానమునకు చేరుసరికి ఎంతకాలము పట్టునో! అచట గీత గీయువాడు, నాణెమెగురవేయువాడు, పత్రము పరీక్షించువాడు మన పొరుగువాడే. అతడు ధర్మము తప్పక నిలిచినచో చట్టముతో పనిలేదు. తప్పినచో చట్టముతో ప్రయోజనము లేదు.

బాలుడు మైదానమున నేర్చునది బంతిని కొట్టుట మాత్రమే కాదు. అంపైరు వేలెత్తినప్పుడు, మనస్సు ఒప్పుకొనకున్నను, తలవంచి వెడలుట నేర్చును. పెద్దలు తమ మాట తాము నిలుపుకొందురా, బలవంతునికొక నియమము బలహీనునికొక నియమము గలదాయని కన్నులు విప్పి చూచుచుండును. పదునాలుగవయేట గీతకావల గడ్డిపై కూర్చుండి అతడు చూచినదియే నలుబదవయేట కార్యాలయమున, న్యాయస్థానమున, శాసనసభలో ఆచరించును. స్వరాజ్యము సంపాదించిన తరము మనకు దేశము నప్పగించి వెడలినది. ఆ దేశము నేలబోవువారు ఈ చలి తెల్లవాఱుజామున, సంచి భుజమున వేసికొని, బస్సుకొరకు నిలుచున్నారు. వారి ఆట సకాలమున, సక్రమముగ, న్యాయముగ మొదలగునట్లు చూచుట మన విధి. ఈ శీతకాలమునుండియే ఆ విధిని నెఱవేర్పవలెనని విశాఖపట్టణ పౌరులను, క్రీడాసంఘములను మేము ప్రార్థించుచున్నాము.