వైమానిక మ్యూజియములకు అధిపతు లెవరు?

యుద్ధవిమానములను భద్రపరచి ప్రజలకు చూపు మ్యూజియమునకు అధిపతిగా నుండదగినవా డెవడు? విమానము నడపి, యుద్ధము చూచి, దళమున పదవులనుభవించి విరమించిన సైనికాధికారియా? చరిత్రమునో శాస్త్రమునో అభ్యసించిన పండితుడా? లేక వస్తువులను సేకరించి, భద్రపరచి, ప్రదర్శించు విద్యలో ఆరితేరిన మ్యూజియము వృత్తివాడా? ఈ ప్రశ్న చూపులకు స్వల్పమైనది. ఒక ఉద్యోగమునకు అర్హతలు నిర్ణయించుటకంటె ఇందేమున్నదని పలువురు తలపవచ్చును. కాని ఒక జాతి తన యుద్ధములనుగూర్చి తన బిడ్డలకు ఏమి చెప్పవలెను, ఎవరిచేత చెప్పింపవలెను అను పెద్ద ప్రశ్న దీని వెనుక నున్నది. ప్రజల ధనముతో నడచు సంస్థల విషయమున ఇది ప్రజలు విచారింపదగిన సంగతియే గాని, అధికారుల ఇష్టమునకు విడిచిపెట్టదగినది కాదు.

సైనికపక్షమువారి వాదము తోసివేయదగినది కాదు. పొలము దున్నినవానికే నేల గుణము తెలియునన్నట్లు, రాత్రివేళ శత్రువుల ఫిరంగులకు ఎదురుగా విమానము నడపినవానికి తెలిసిన సంగతులు గ్రంథములు చదివినవానికి తెలియవు. ఆ యంత్రములో కూర్చుండి మరణించిన సహచరుల జ్ఞాపకము అతనికి వట్టి చరిత్రాంశము కాదు. మాజీ సైనికులును, వారి కుటుంబములవారును తమ పతకములను, ఉత్తరములను, దినచర్యలను నమ్మి అప్పగించునది ఇట్టివానికే. పండితపక్షమువారి వాదమును అంత బలమైనదే. నేల గుణ మెరిగినంతమాత్రమున రైతు గ్రామమునకెల్ల అడంగలు వ్రాయజాలడు. తన సరిహద్దు తగవునకు తానే తీర్పు చెప్పుకొనుటయు తగదు. విమానదళము చేసిన పనిని విమానదళమువాడే విచారించి చెప్పవలెనన్నచో మెప్పు మిగులును గాని చరిత్రము మిగులదు. ఈ రెండు వాదములలో ఏది నిలుచునో ఊహలవలన తేలదు, జరిగిన సంగతులవలన తేలవలెను. అందుకు అమెరికా రాజధాని వాషింగ్టనులోని జాతీయ వైమానిక, అంతరిక్ష మ్యూజియముకంటె మంచి నిదర్శనము లేదు.

స్మిత్సోనియన్ సంస్థకు చెందిన ఈ మ్యూజియము నేటి భవనమున 1976 జులై 1వ తేదీన తెరువబడినది. అప్పటి డైరెక్టరు మైకేల్ కాలిన్స్ అమెరికా విమానదళమున పరీక్షాచోదకుడు. 1969లో ఇద్దరు సహచరులు చంద్రునిపై దిగగా, తాను నౌకను నడపుచు చంద్రుని చుట్టు తిరిగినవాడు. 1983 మొదలు 1986 వరకు డైరెక్టరుగానున్న వాల్టర్ బాయిన్ విమానదళమున కర్నలుగా విరమించి, వైమానిక చరిత్రమును రచించినవాడు. 1987లో ఆ పీఠమునకు కార్నెల్ విశ్వవిద్యాలయమునుండి మార్టిన్ హార్విట్ వచ్చెను. ఆయన ఖగోళ భౌతికశాస్త్రాచార్యుడు.

1945 ఆగస్టు 6వ తేదీన హిరోషిమాపై అణుబాంబు విడిచిన 'ఎనోలా గే' అను బి-29 విమానము ఈ మ్యూజియమువారి వశమున చిరకాలము విడిభాగములుగా పడియుండెను. 1984లో దాని మరమ్మతు ఆరంభమైనది. యుద్ధము ముగిసి 50 ఏండ్లు నిండు 1995లో దాని ముందుభాగమును ప్రదర్శించి, బాంబు వేయుటకు గల కారణములను, నేలపై కలిగిన నాశమును, తరువాత పుట్టిన అణ్వాయుధముల పోటీని కూడ తెలుపవలెనని హార్విటును, ఆయన క్యూరేటరులును సంకల్పించిరి. 1994లో వారి వ్రాతప్రతి బయటపడగా విమానదళ సంఘమువారును, అమెరికన్ లీజియన్ అను మాజీ సైనికుల సంఘమువారును మండిపడిరి. జపాను సైన్యము చైనాలోను, ఆగ్నేయాసియాలోను చేసిన ఘోరములు కొలదిగా చెప్పబడి, జపాను ప్రజల బాధ మిక్కుటముగా చూపబడినదని వారి ఫిర్యాదు. వ్రాతప్రతి పలుమారులు మార్చబడినది. 1994 సెప్టెంబరులో అమెరికా సెనేటు దానిని ఖండించుచు తీర్మానము చేసెను. 1995 జనవరిలో, జపానుపై దండెత్తియున్నచో కలుగగల అమెరికా సైనికనష్టపు అంచనాను 2,29,000 నుండి 63,000కు తగ్గింప హార్విట్ ఉద్దేశింపగా, ఉన్న సంధియు చెడిపోయినది. ఆ నెల 30వ తేదీన స్మిత్సోనియన్ కార్యదర్శి మైకేల్ హేమన్ ఆ ప్రదర్శనమును రద్దు చేసెను. మే నెలలో హార్విట్ రాజీనామా నిచ్చెను. జూనులో విమానపు ముందుభాగమును, దాని సిబ్బంది మాటలను, మరమ్మతు కథను మాత్రము చూపు చిన్న ప్రదర్శనము తెరువబడినది.

పండితుని కూర్చుండబెట్టినందుననే ఇంత పని జరిగినదని సైనికపక్షమువారు నాటినుండి సిద్ధాంతము చేయుచున్నారు. మేమంత తొందరపడము. హార్విట్ సైన్యమెరుగనివాడు కాడు. 1955 మొదలు 1957 వరకు అమెరికా సైన్యమున పనిచేసి, పసిఫిక్ దీవులలో జరిగిన అణ్వాయుధ పరీక్షలను ఎరిగినవాడే. ఆయనకు గాని, ఆయన క్యూరేటరులకు గాని విద్యయు కొరవడలేదు. ఉభయులకు నడుమ లేఖలు నడచినవి, సమావేశములు జరిగినవి, కాని విశ్వాసము మాత్రము కుదరలేదు. 1945లో జపాను తీరమున దిగవలసిన వంతు వచ్చియుండిన యువకులు 1995 నాటికి వృద్ధులైరి. ఆ బాంబు తమ ప్రాణములు కాపాడినదని వారు దృఢముగా నమ్మిరి. ఆ నమ్మిక చరిత్రదృష్టితో ఎంతవరకు నిలుచునన్నది వేరు సంగతి. అది వారి జీవితములతో పెనవేసికొన్న నమ్మిక యని గుర్తించి, ముందు వారి మాట విని, పిమ్మట పత్రసాక్ష్యమును వారి యెదుట పెట్టగల అధిపతి అచ్చట కావలసియుండెను. అట్టి ఓర్పు సైనికోద్యోగమువలననే వచ్చునని చెప్పజాలము. అది లేని పాండిత్యము చాలదని మాత్రము చెప్పవచ్చును.

ఇక నాణెపు రెండవ వైపు చూతము. హార్విట్ పిమ్మట, నౌకాదళమున వైస్ అడ్మిరలుగా విరమించిన డొనాల్డ్ ఎంజెనును, ఆయన తరువాత 2000 మొదలు 2018 వరకు మెరైన్ దళపు విశ్రాంత జనరలు జాన్ డెయిలీయు డైరెక్టరులైరి. డెయిలీగారి కాలమున మ్యూజియము మిక్కిలి వృద్ధిచెందినది. 2003 డిసెంబరులో డల్లెస్ విమానాశ్రయము చెంత ఉద్వార్-హేజీ కేంద్రము తెరువబడి, సుమారు 3 లక్షల పనిగంటల శ్రమతో బాగుచేయబడిన ఎనోలా గే పూర్తిరూపమున అచ్చట నిలిచినది. మాజీ సైనికులు సంతోషించిరి. కాని దాని ముందరి పలకపై ఏమి వ్రాసిరి? బి-29 యొక్క ప్రశస్తి, దాని కొలతలు, మొదటి అణుబాంబు వేసెనను ఒక మాట. ఎందరు మరణించిరో, వారెవరో అందు లేదు. విద్వాంసులును, హిరోషిమానుండి బ్రతికి బయటపడినవారును ఆక్షేపించినను ఆ వ్రాత మారలేదు. పలకపై అసత్యము లేదు. చెప్పవలసిన సత్యములో సగము లేదు. తుపాను ఆగినది, చరిత్రయు ఆగినది.

పండితులు మాత్రము పక్షపాతమునకు అతీతులా? అదే స్మిత్సోనియన్ చరిత్ర దీనికిని బదులు చెప్పుచున్నది. ఆ సంస్థ కార్యదర్శియైన శాస్త్రజ్ఞుడు శామ్యూల్ లాంగ్లే నిర్మించిన విమానము 1903లో రెండుమారులు నీట కూలినది. ఆ ఏడే డిసెంబరు 17న రైటు సోదరులు ఎగిరిరి. అట్లయ్యును 1914లో లాంగ్లే విమానమును పలుమార్పులతో ఎగురవేయించి, మనుష్యుని మోసికొని ఎగురగల మొదటి విమాన మదియేయని సంస్థవారు ప్రదర్శించిరి. తమ గురువు గౌరవము నిలుపుటకు విద్వాంసులు చేసిన పని యిది. మనసు విరిగి ఆర్విల్ రైట్ తమ తొలివిమానమును 1928లో లండనుకు పంపివేసెను. 1942లో సంస్థవారు తప్పు దిద్దుకొన్నపిమ్మటనే, ఆయన మరణించిన యేడైన 1948 డిసెంబరులో, అది వాషింగ్టనులో ప్రదర్శనమునకు పెట్టబడినది. స్వసంస్థాభిమానము సైనికుల సొత్తు మాత్రమే కాదని స్థాలీపులాక న్యాయమున దీనివలన గ్రహింపవచ్చును.

సైనికానుభవ మనునది సహితము ఒకే తీరున నుండదు. ఒహాయో రాష్ట్రమున డేటను నగరము చెంతనున్న అమెరికా విమానదళ జాతీయ మ్యూజియమును 1996 మొదలు 2010 వరకు నడపిన మేజర్ జనరలు చార్లెస్ మెట్‌కాఫ్ దళమున పేరొందినది ఆయవ్యయముల పద్దులయందు. నాగసాకిపై బాంబు వేసిన 'బాక్స్‌కార్' విమానము నిలిచియున్న ఆ మ్యూజియమునకు కొత్త శాలలు అమరినవి ఆయన కాలముననే. బ్రిటనులో రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియము 1972లో హెండనులో తెరువబడినప్పుడు, దాని మొదటి డైరెక్టరు జాన్ టానర్ గ్రంథాలయముల వృత్తినుండి వచ్చినవాడు. అటుపిమ్మట దళమున ఇంజినీరుగా పనిచేసి ఎయిర్ వైస్ మార్షలుగా విరమించిన పీటర్ డై వచ్చెను. ఆయన తరువాత 2015లో, సైనికసేవ లేని మ్యూజియము వృత్తికారిణి మ్యాగీ ఆపిల్టన్ ఆ పదవి చేపట్టి, దళపు నూరవయేటి యుత్సవమునకు 2018లో హెండను శాలలను నూతనముగా తీర్చిదిద్దించెను. ముగ్గురు మూడు త్రోవలనుండి వచ్చిరి. సంస్థ చెడలేదు.

ఈ నిదర్శనములన్నిటినుండి మాకు తోచినది చెప్పుదుము. సైనికసేవను అనివార్యమైన అర్హతగా విధించుట తప్పు; దానిని అనర్హతగా చూచుటయు తప్పే. సైనికానుభవము, చరిత్రజ్ఞానము, మ్యూజియము విద్య అను మూడింటిలో ఒక్కటియైనను అధిపతికి పూర్తిగా ఉండవలెను. తక్కిన రెండును తనకు లేవని ఎరిగి, వాని నెరిగినవారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొను వివేకము ఉండవలెను. మూడింటిలో ఏదియు లేక, పలుకుబడితో వచ్చినవాడు ఎంత మంచివాడైనను పనికిరాడు. విరమించిన అధికారులకు గౌరవవేతనముగా ఈ పదవిని పంచిపెట్టుట మ్యూజియమునకును, దళమునకును కీడే. అన్నిటికంటె ముఖ్యముగా, పలకపై వ్రాత పత్రసాక్ష్యమును బట్టి క్యూరేటరులు వ్రాయవలెను. మాజీ సైనికులు దానిని చదివి తప్పులు చూపవలెను. తుదితీర్పు సాక్ష్యమునకు విడువవలెను. సెనేటు గాని, సేనాపతి గాని, గురుభక్తి గాని ఆ కలమును పట్టుకొనరాదు.

ఇది పరదేశపు ముచ్చట యని మన పాఠకులు అనుకొనరాదు. ఢిల్లీలోని పాలం మ్యూజియము 1967 నుండి విమానదళమువారి చేతనే యున్నది. చండీగఢమున 2023లో తెరువబడిన విమానదళ వారసత్వకేంద్రమును దళమువారును, అచ్చటి పరిపాలకులును కలిసి నెలకొల్పిరి. మన విశాఖపట్టణము సముద్రపుటొడ్డున, 29 ఏండ్లు నౌకాదళమును సేవించి 2017 మార్చిలో విరమించిన టీయూ-142 విమానము ఆ డిసెంబరునుండి ప్రజలకు చూపబడుచున్నది. దానిని చూచుచున్నది సైనికసంస్థ కాదు, నగరాభివృద్ధి సంస్థ. అనగా మూడు పద్ధతులును మన యింటనే యున్నవి. పిల్లలు వచ్చి, రెక్కలు చూచి, ఫోటోలు తీయించుకొని పోవుటతో సరిపుచ్చవలెనా, లేక ఆ విమానము ఏ సముద్రముపై ఎవరికై కావలి కాచినదో, అందున్నవారు ఎట్లు బ్రతికిరో చెప్పవలెనా? 1942 ఏప్రిలు 6వ తేదీన జపాను విమానములు ఇదే విశాఖపై బాంబులు వేసినవి. నాటి భయము నెరిగినవారు నేడు బహుకొద్దిమంది. విమానము పైనుండి ఏమి చేయునో, క్రిందనున్నవానికి ఏమగునో ఈ రెండును చెప్పగల మ్యూజియము ఏ నగరమునకైన కావలెనన్నచో అది విశాఖకు కావలెను. దానికి అధిపతిని వెదకునప్పుడు, ఆయన భుజముపై నుండిన నక్షత్రము లెన్ని యని అడుగుటకు ముందు, ఈ రెండు వైపులను చెప్పు ధైర్యము ఆయనకు కలదా యని అడుగవలెనని మా మనవి.