ఈ ఎండాకాలం బొంత కుడదామా!

పరీక్షలైపోయాయి. పిల్లలు ఇంటి మీద పడ్డారు. మధ్యాహ్నం రెండింటికి వీధిలో కుక్క కూడా తిరగదు. తలుపులు మూసుకుని, ఫ్యాను కింద కూర్చుని, "ఏం తోచట్లేదమ్మా" అనే పాట రోజుకు పదిసార్లు వినే రోజులివి.

ఇలాంటప్పుడు పేపర్లలో వచ్చే సలహాలు మనకు కంఠతా వచ్చు. ఖాళీ సీసాకు రంగు వేయండి, ఐస్‌క్రీం పుల్లలతో పెన్ స్టాండు చేయండి, పాత గాజులతో గోడకు వేలాడే బొమ్మ తయారు చేయండి... చేసిన రోజు ముచ్చటగానే ఉంటాయి. నెల తిరిగేసరికి దుమ్ము కొట్టుకుపోతాయి. అప్పుడు వాటిని తుడవడం ఇంకో పని. ఆ తుడిచేది ఎవరో మీకు చెప్పాలా!

షోకేసుకు కాకుండా ఇంటికి అక్కరకొచ్చే పని ఏదైనా ఈ రెండు నెలల్లో చేద్దాం. అందుకు ఒక్కసారి సంగారెడ్డి జిల్లాలో సిర్గాపూర్ వైపు చూడండి. నారాయణఖేడ్ దగ్గర నల్లవాగు ప్రాంతం. 2016లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు మండల కేంద్రమైన ఊరు. ఒక పక్క కర్ణాటక, ఇంకో పక్క మహారాష్ట్ర. ఊరి మాటలో మూడు భాషలు కలుస్తాయి, తండాల్లో లంబాడీ నాలుగోది. ఈ ప్రాంతం నుంచి చెరుకు కొట్టే పనికి కుటుంబాలకు కుటుంబాలే వలస పోవడం ఏళ్ళుగా ఉన్నదే. పంట పని ముగిశాక బయల్దేరి, ఫ్యాక్టరీల్లో గానుగ ఆగాక ఎండాకాలానికి తిరిగొస్తారు. వెళ్ళేటప్పుడు గిన్నెలు, జొన్నపిండి, పిల్లలు, వాళ్ళతో పాటు చుట్ట చుట్టిన బొంత. చెరుకు తోట పక్కన గుడిసెలో చలికి అదే పరుపు, అదే దుప్పటి. పసివాడిని పడుకోబెడితే ఊయల కూడా అదే.

మనం బొంత అంటాం. సరిహద్దు దాటి బీదరు వైపు వెళితే కౌది. నాందేడు వైపు గోధడి. బెంగాల్లో కాంథా. ఉత్తర కన్నడ జిల్లా అడవుల్లో ఉండే సిద్దీ స్త్రీలు కుట్టే బొంతకు నాలుగు మూలలా గుడ్డ మడతలతో చిన్న పువ్వులు పెడతారు. అవి లేకపోతే బొంత బట్టలు కట్టుకోనట్టే ఉంటుందంటారు! ఎక్కడైనా సూత్రం ఒక్కటే. చిరిగిన చీరను పారెయ్యకూడదు.

బొంత కుట్టడానికి ఎండాకాలమే ఎందుకంటే, పొలం పని తక్కువ, పగలు పొడుగు. ఉతికిన పాత గుడ్డలు గంటలో ఆరిపోతాయి. పైగా మృగశిర కార్తె దాటి వానలు మొదలైతే నేల చెమ్మ అవుతుంది, అప్పటికి బొంత సిద్ధంగా ఉండాలి. అంటే జూన్ మొదటి వారం దాకా మనకు గడువుంది.

ఇక పనిలోకి వద్దాం. ముందు బట్ట. నూలు చీరలే తీసుకోండి. ఇప్పుడు పల్లెలోనూ పట్నంలోనూ పాత చీర అంటే సగం పాలిస్టరే. అది చెమట పీల్చదు, వేడిని పట్టి ఉంచుతుంది, నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. పసిపిల్లల బొంతలో దాని పోగు కూడా ఉండకూడదు. అనుమానమొస్తే ఒక పోగు లాగి, పిల్లలకు దూరంగా, దీపానికి పట్టి చూడండి. నూలైతే కాగితం కాలిన వాసనతో బూడిదవుతుంది. పాలిస్టరైతే ముద్దగా కరిగి గట్టి పూసవుతుంది. పూసైన చీరలను బొంతలో పెట్టకండి. అవి ఎందుకు పనికొస్తాయో తర్వాత చెబుతాను.

గంజి పెట్టిన చీరలైతే రెండుసార్లు వేడినీళ్ళలో జాడించి గంజి పోగొట్టండి. గంజి ఉన్న బొంతను అటక మీద పెడితే పురుగులకూ ఎలుకలకూ విందే. జరీ అంచు ఒంటికి గీసుకుంటుంది, కత్తిరించి పక్కన పెట్టండి.

కొలత సులువు. అయిదున్నర మీటర్ల చీరను మూడు మడతలు వేస్తే ఆరడుగుల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పు వస్తుంది. ఒక మనిషికి చాలు. అప్పటికే మూడు పొరలయ్యాయి. వీటి మధ్యలోకి చిరుగుల చీరల్లో గట్టిగా ఉన్న ముక్కలు, పాత లుంగీలు, దుప్పటి ముక్కలు పరచండి. ముక్క మీద ముక్క ఎక్కి గుట్టలు లేవకుండా అంచుకు అంచు ఆనించాలి. అన్నీ కలిపి అయిదు పొరలు మించవద్దు. ఎక్కువైతే సూది దిగదు, ఉతికితే ఆరదు. బరువుగా ఉంటే గట్టిగా ఉంటుందనుకోవడం పొరపాటు. గట్టితనం కుట్టులో ఉంటుంది.

తడిగుడ్డతో తుడిచి ఆరిన నేల మీద ముడతలు లేకుండా పరిచి, నాలుగు మూలలా రోలో, రోకలో, నీళ్ళ బిందెలో బరువు పెట్టండి. ఇప్పుడు టాకాలు వేయాలి. జానెడేసి పొడుగు కుట్లు, నడిమధ్య నుంచి అంచుల వైపు. చాలామంది అంచు నుంచి మొదలుపెట్టి లోపలికి వస్తారు. గాలంతా మధ్యలోకి చేరి పొట్ట ఉబ్బుతుంది, తర్వాత ఎన్ని కుట్లు వేసినా సర్దుకోదు. టాకాలు అయ్యాక బరువులు తీసేసి అసలు కుట్టు మొదలుపెట్టండి. నూలు దారం రెండు పేటలు, పెద్ద సూది చాలు. పెద్ద దబ్బనం వాడితే చిల్లులు మిగిలిపోతాయి. దారాన్ని కొవ్వొత్తి మైనం మీద ఒకసారి లాగితే చిక్కుపడదు. కుట్టు బియ్యపు గింజంత, వరుసకూ వరుసకూ మధ్య వేలెడు వెడల్పు. అంచు నుంచి చుట్టూ తిరుగుతూ మధ్యకు వచ్చినా సరే, ఈ కొస నుంచి ఆ కొసకు వరుసలు వేసినా సరే. ఇద్దరుంటే ఎదురెదురుగా కూర్చోండి. చెరో వైపు నుంచి వస్తూ ఉంటే మధ్యలో కలిసేసరికి ఊళ్ళో సంగతులన్నీ అయిపోతాయి!

మిషను మీద కుట్టొచ్చా అని అడుగుతారు. అంచు పట్టీ వరకు కుట్టండి. మధ్యకు వచ్చేసరికి చుట్ట చుట్టిన బొంత మిషను కింద పట్టక తిప్పలు పడతారు. చేతి కుట్టు బొంత రెండు ఉతుకులకు మెత్తబడే తీరు మిషను కుట్టుకు రాదు కూడా.

పక్కన పెట్టమన్న పాలిస్టరు చీరలను రెండు వేళ్ళ వెడల్పున పొడుగ్గా చించి, మూడు పేటలు జడ అల్లండి. ఆ జడను పాములా చుట్టుకుంటూ పక్క పక్కన కుట్టుకుపోతే గుమ్మంలో కాళ్ళు తుడుచుకునే పట్టా తయారు. జడ వేయడం వచ్చిన ప్రతి ఆడపిల్లకూ ఇది వచ్చినట్టే.

ఆడపిల్లకే ఎందుకు? ఇక్కడే కాస్త ఆగుదాం. కేంద్ర గణాంక శాఖ 2019లో చేసిన సర్వే ప్రకారం ఇంటి పనులు చేసే ఆడవాళ్ళు వాటికి రోజుకు 299 నిమిషాలు వెచ్చిస్తే, ఆ పనులు చేసే మగవాళ్ళు వెచ్చించింది 97 నిమిషాలు. సెలవులొస్తే ఆ 299కి కుట్లూ అల్లికలూ, వడియాలూ, పచ్చళ్ళూ తోడవుతాయి. అమ్మాయిని "నేర్చుకోవే, పనికొస్తుంది" అని కూర్చోబెడతాం. అబ్బాయిని "ఎండలో తిరక్కురా" అని మాత్రం అంటాం. వాడి చొక్కా గుండీ ఊడితే కుట్టుకోవడం వాడికి రావద్దా? మన ఊళ్ళో దర్జీ పనిలో మగవాళ్ళు లేరా! జీతం వచ్చే కుట్టుకు మగవాడు, జీతం లేని కుట్టుకు ఆడది అన్న లెక్క ఈ సెలవుల్లోనైనా మార్చండి. పన్నెండేళ్ళ కుర్రాడికి ఒక మూల అప్పగించండి. కుట్లు వంకర పోతాయి. పోనివ్వండి, పడుకున్నవాళ్ళకు నిద్ర రాకుండా పోదు.

డబ్బు మాట కూడా అనుకోవాలి. మనకు తీరిక లేక బొంతలు కుట్టించుకునే ఇళ్ళు చాలా ఉన్నాయి. చీరలు మనవే, దారం మనదే, "ఊరికే కూర్చుని కుట్టేదేగా" అని కూలి దగ్గర బేరమాడతాం. దట్టంగా కుట్టిన బొంతకు రోజుకు మూడు గంటల చొప్పున పదమూడు రోజులు పట్టిందనుకోండి, దాదాపు నలభై గంటలు. అంటే ఎనిమిది గంటల పనిదినాలు అయిదు. 2025-26లో తెలంగాణలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలుగా నిర్ణయించారు. ఆ లెక్కన చూసినా 1535 రూపాయలు. మన ఊళ్ళో కుట్టేవాళ్ళ చేతిలో అందులో ఎంత పెడుతున్నామో ఎవరికి వారు చూసుకోవచ్చు. ఇదే పాత చీరల కాంథా విదేశాల్లో ఖరీదైన దుకాణాల్లో అమ్ముడుపోతోంది. చేతి పనికి పేరూ ధరా రావాలంటే దాన్ని పని అని ఒప్పుకోవాలి ముందు. కర్ణాటకలో సండూరు లంబాణీ స్త్రీలు చేసి చూపించారు. వాళ్ళ కుట్టుపనికి భౌగోళిక గుర్తింపు ఉంది. 2023 జులైలో హంపిలో జీ-20 సమావేశాలప్పుడు 450 మందికి పైగా లంబాణీ స్త్రీలు కుట్టిన 1755 అతుకుల పనులను ఒకేచోట ప్రదర్శిస్తే గిన్నిస్ రికార్డయింది. మన తండాల్లో ఆ సూదులు లేవా? ఉన్నాయి. అడిగి, సరైన ధర ఇచ్చి కుట్టించుకునేవాళ్ళే తక్కువ.

బొంత రేపటి వానలకు. మరి ఇవాళ్టి ఎండకో? 2015 వేసవిలో వడగాడ్పులకు మన రెండు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారు. ఇంటిని చల్లబరచడం అలంకారం కాదు.

వట్టివేళ్ళ తడికలు, గోనెపట్టాలు కిటికీలకు కట్టి తడపడం మన అమ్మమ్మలకు తెలిసిందే. ఒక్క సంగతి గమనించండి. తడి ఆరేటప్పుడు గాలిలోని వేడిని తీసుకుంటుంది, అందుకే చల్లదనం. నారాయణఖేడ్ లాంటి పొడి గాలి ఉన్న చోట ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. విశాఖలో, కాకినాడలో గాలే తడి గనుక తడిక తడిపితే ఉక్కపోత పెరగడం తప్ప లాభం లేదు. ఎదురు కిటికీ తీసి ఉంచకపోతే ఎక్కడైనా అంతే. ఇంకో మాట. తడపడానికి నీళ్ళు ఎవరు మోసుకొస్తున్నారు? బోరు ఎండిన ఊళ్ళో రెండు బిందెలు కిటికీకి పోయమని నేను చెప్పను. కూరలు, బియ్యం కడిగిన నీళ్ళు చాలు, ఆ పట్టాను మాత్రం రెండు మూడు రోజులకోసారి ఎండలో ఆరేయాలి, లేకపోతే వాసన.

ఫ్రిజ్ లేని ఇంట్లో కూరగాయలకు కుండలో కుండ పెట్టండి. పెద్ద కుండలో వేలెడు మందం ఇసుక, దాని మీద చిన్న కుండ, రెంటి సందులో ఇసుక నింపి పొద్దునా సాయంత్రం తడపాలి. పైన తడిగుడ్డ మూత. నైజీరియాలో మహమ్మద్ బా అబ్బా అనే ఉపాధ్యాయుడు 1990లలో దీన్ని పల్లె పల్లెకూ పంచి, 2000 సంవత్సరానికి రోలెక్స్ అవార్డు అందుకున్నారు. ఆయనదీ కుండలు చేసే కుటుంబమే. టమాటాలు, ఆకుకూరలు వాడిపోకుండా ఉంటాయి. పాలూ, వండిన కూరా పెట్టి నమ్ముకోవద్దు. కుండ కొనేటప్పుడు రంగు వేసింది వద్దనండి. రంగు పూస్తే చెమర్చదు, చెమర్చని కుండ చల్లబడదు.

మిద్దె ఉన్నవాళ్ళకు అన్నిటికన్నా మేలైన పని సున్నం. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్లో చల్లని పైకప్పుల విధానం తెచ్చింది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకూ, 600 గజాలు, ఆపైన ఉన్న ఇళ్ళకూ అది తప్పనిసరి అన్నారు. అంతకన్నా చిన్న ఇళ్ళకు ఇష్టం. ఎక్కువ ఉడికేది ఆ చిన్న ఇళ్ళే కదా! కాబట్టి కుంచె మనమే పట్టుకోవాలి. తెల్లని కప్పు ఎండను వెనక్కి కొడుతుంది, స్లాబు వేడెక్కడం తగ్గుతుంది.

ఇందులో జాగ్రత్త చాలా ముఖ్యం. నానని సున్నపు రాయి మీద నీళ్ళు పడితే కుతకుత ఉడుకుతుంది. ప్లాస్టిక్ బకెట్లో నానబెట్టవద్దు, పిల్లలను దగ్గరకు రానివ్వవద్దు. నానిన సున్నం కొనుక్కోవడం ఇంకా మంచిది. పల్చగా కలిపి, వడగట్టి, కాస్త జిగురు చేర్చి, ఊడ్చి కడిగిన స్లాబు మీద సాయంత్రం పూట రెండు మూడు పూతలు వేయండి. పూతకూ పూతకూ మధ్య పూర్తిగా ఆరాలి. కళ్ళకు అద్దాలు, చేతికి తొడుగులు లేకుండా కుంచె ముట్టవద్దు. కంట్లో చుక్క పడితే నలపకుండా మంచినీళ్ళతో చాలాసేపు కడిగి, ఆగకుండా డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. రేకుల మీద సున్నం నిలవదు, రెండు వానలకు కడుక్కుపోతుంది. రేకులిళ్ళవాళ్ళు కప్పు మీద కొబ్బరి మట్టలో, జొన్న చొప్పో పరచి తాళ్ళతో కట్టుకోవడం మేలు, పొయ్యి పొగగొట్టానికి దూరంగా. అద్దె ఇల్లయితే ఇంటి ఓనరును ముందే అడగండి. ఖర్చు సగం పెట్టుకుంటారేమో కూడా అడగండి, కప్పు వాళ్ళదేగా!

మిద్దె ఎక్కే పని మగవాళ్ళకు, కింద బొంత పని ఆడవాళ్ళకు అని పంచుకోకుండా రెండూ అందరూ చేస్తే మే నెలాఖరుకు రెండూ అయిపోతాయి. రోహిణి కార్తె ఎండ గట్టిగా ఉన్నప్పుడే బొంతను ఒకసారి ఉతికి, ఆ తెల్లని మిద్దె మీదే రెండువైపులా ఆరేయండి. కొత్త బొంత మొదటి ఉతుకులో రంగు వదులుతుంది, తెల్లచొక్కాలతో కలిపి నానబెట్టకండి.