పచ్చిక పరచువాడు, మందు చల్లువాడు



క్రిందటి మాసమున వంటయింటి నీటిని అరటిపాదులకు మరల్చు విధమును వ్రాసియుంటిని. ఈ మాసమున మల్లెతీగల కత్తిరింపును గూర్చి వ్రాయదలచితిని గాని, మా యింట జరిగిన యొక సంగతి ముందుగా చెప్పక తీరదు.

మా యిల్లు మైపాడు దాపున, సముద్రపుగాలి సోకుచోట నున్నది. నేల యంతయు ఇసుక; వేసవిలో బావినీరు ఉప్పన. ఇట్టి చోట వాకిట పచ్చిక పెంచవలెనని మా మరిదికి కోరిక పుట్టెను. పట్నమున పెద్దయిండ్లముందు తివాసి పరచినట్లుండు గడ్డిని చూచివచ్చిన ఫలము! మోటారుసైకిలుపై స్ప్రేయరు కట్టుకొని వీథివెంట పోవు నొకనిని పిలిచితిమి. "గడ్డి నేనే తెచ్చి పరుస్తానమ్మా. ముందు ఇసకలో చెదలు చావాల, మందు కొట్టాల" అని యాతడు చెప్పెను. కూలి తక్కువయని సంతోషించితిమే గాని, ఏమి మందని యడిగినవారము కాము.

ఆ మందు చల్లపానీయపు సీసాలో నుండెను. దానికి చీటీ లేదు. బకెట్టులో పోసి వట్టిచేతితో కలిపెను. ముక్కునకు చుట్టుకొన్న తుండుగుడ్డయే ఆతనికి రక్షణ. గాలి యెదురుగా వీచుటచేత తుంపర మా కరివేపచెట్టుపైనను, ఆతని ముఖముపైనను పడుచుండెను. రెండు గడియలు గడచెనో లేదో, ఒడలెల్ల చెమటపట్టి, నోట చొంగ కారుచు, వాంతి చేసికొని వాకిటనే కూలబడెను.

ఆటోలో నెల్లూరి ఆసుపత్రికి చేర్చితిమి. వైద్యుడు మొట్టమొదట నడిగినది "ఏ మందు?" అని. ఆతడు చెప్పజాలడు, మాకు తెలియదు. అంగడివాడు విడిగా కొలిచి పోసినాడట, బిల్లు లేదు. కనుపాపలు సూదిమొనలవలె కుదించుకొనిపోవుట చూచి, వైద్యుడే విషపుజాతిని ఊహించి అట్రోపిన్ సూదులు వేయబట్టి ప్రాణము నిలిచెను. ఆసుపత్రి వసారాలో చంటిబిడ్డ నెత్తుకొని నిలుచున్న ఆతని భార్య మొగము చూచుటకు నాకు ధైర్యము చాలలేదు. కూలి తక్కువయని సంతోషించినది నేనే గదా!

ఇంటికి వచ్చిన పిదప మావారును నేనును కూర్చుండి చట్టము చదివితిమి. త్రవ్వుటకు, పాదులు చేయుటకు, గడ్డి కత్తిరించుటకు మన దేశమున లైసెన్సు అక్కరలేదు. తోటపనివానిని అది చూపుమని నిలదీయుట వట్టి వేధింపు. మందు చల్లుట మాత్రము వేరు. 1968 నాటి పురుగుమందుల చట్టమును, 1971 నాటి నియమములును అనుసరించి, పరులయిండ్లలో గాని స్థలములలో గాని కూలికి పురుగుమందు చల్లువారు లైసెన్సు పొందియుండవలెను. మన పెరటిలో మనమే చల్లుకొనుట ఇందులో చేరదు. లైసెన్సునకు తగిన చదువును, శిక్షణయు కావలెను. అట్టి శిక్షణ నిచ్చు సంస్థ యొకటి హైదరాబాదులో రాజేంద్రనగరున నున్నది. అమ్మువానికిని లైసెన్సు ఉండవలెను. ఆతడు కట్టిన డబ్బాను విప్పి పోసి అమ్మరాదు, బిల్లు ఈయవలెను.

డబ్బాపై మూలగా నిలిపిన చదరపు గురుతొకటి యుండును. దాని క్రిందిసగపు రంగు ఎఱుపైనచో మహావిషము. పసుపు దానికి తరువాతిది. నీలము అంతకు తక్కువ. ఆకుపచ్చ యన్నిటికంటె తక్కువ. తక్కువయనగా లేదని కాదు సుమా! డబ్బాతోకూడ వచ్చు కాగితమున విషలక్షణములు, విరుగుడు, ప్రథమచికిత్స ముద్రించియుండును. ఒంటిపై మందు పడినచో ఆ బట్టలు విప్పించి, సబ్బుతో కడిగించి, డబ్బాను కాగితముతోకూడ వైద్యునియొద్దకు కొనిపోవలెను. మా వాకిట ఆ కాగితమొక్కటి యున్నచో వైద్యునికి ఊహతో పని లేకపోయెడిది.

పచ్చికమాట మరచితిని. కొన్న గడ్డి మాకు వలదనుకొంటిమి. వినాయకచవితికి కోసికొను గరికయే ఉప్పునీటి కోర్చును, ఇసుకలో అల్లుకొనును. కణుపులు నాటి పేడయెరువు వేసితిమి. మా మరిదికి తివాసివలె లేదని యసంతృప్తి. దూడకు మాత్రము పరమసంతోషము. కరివేపాకు కొమ్మలన్నియు నరికించి, క్రొత్తచిగురు వచ్చువరకు పొరుగింట అడుగుకొంటిమి.

ఆతడు కోలుకొని సంక్రాంతికి ముందు వచ్చెను. స్ప్రేయరు అమ్మివేసినాడట, ఇప్పుడు పాదులు త్రవ్వుట, కొబ్బరికాయలు దింపుట చేయుచున్నాడు. సంచినుండి తన బావమఱదివద్ద తెచ్చిన డబ్బా నొకదానిని తీసి, "వాడు వరిపొలానికి కొడతాండాడు. ఇందులో ఏముందో సదివి చెప్పమ్మా, నాకు సదువు రాదు" అనెను. క్రిందిసగము పసుపు. కాగితముపై అక్షరములు చీమతలలంత యుండెను. మావారి కండ్లజోడు తెచ్చుకొని, అరుగుపై కూర్చుండి, మొదటినుండి తుదవరకు చదివి వినిపించితిని.