ఓడకు ముందు దారం

ఓడ మోడల్ కిట్టు కొన్నవాళ్లు పెట్టె విప్పగానే ఫిరంగులు లెక్కపెట్టుకుంటారు. లంగరు తీసి వెలుతురులో తిప్పి చూసుకుంటారు. దారం ఉండ మాత్రం ప్లాస్టిక్ సంచిలోనే ఉండిపోతుంది. నెలల తరవాత, హల్‌కు (ఓడ పొట్టకు) కొట్టిన వార్నిష్ ఆరాక, అప్పుడు దానికి మోక్షం. నా పేచీ అంతా ఈ వరస మీదే. మోడల్ ఎంత పెద్ద ఓడకు నకలో చూసేవాడి కంటికి చెప్పేవి తాళ్లు. తాడు లావైందా, నూరు ఫిరంగుల యుద్ధనౌక కూడా చెరువులో వదిలే బొమ్మ పడవైపోతుంది.

నేను ఐటిఐలో ఫిట్టర్ ట్రేడ్ చెప్పి రిటైరైనవాణ్ణి, కొలత తప్పితే ఊరుకోలేను. పాత ఇంగ్లిష్ ఓడల పట్టికల్లో తాడు సైజు అంటే చుట్టుకొలత, మందం కాదు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. 18 అంగుళాల తాడు అని రాసి ఉంటే దాని మందం ఆరంగుళాల లోపే. 96వ వంతు మోడల్లో అది ఒకటిన్నర మిల్లీమీటరు. అది కూడా తెరచాపలు కట్టే పెద్ద కొయ్యను ముందువైపు బిగించి పట్టే అతి లావు తాడు సంగతి. తెరచాపల్ని లాగే మూడంగుళాల తాడైతే అదే స్కేల్లో పావు మిల్లీమీటరే. కొయ్య పైకి పోయేకొద్దీ తాళ్లూ కప్పీలూ అన్నీ సన్నబడుతూ పోవాలి. చౌక కిట్టులో చూస్తే లావు దారం ఒకటి, సన్న దారం ఒకటి. అంతే! కనీసం ఆరేడు సైజులైనా లేకుండా నేను పని మొదలుపెట్టను.

కొలతలు ఊహించుకోనక్కర్లేదు. డేవిడ్ స్టీల్ 1794లోనే ఓడ తరగతిని బట్టి ఏ తాడు ఎంత, ఏ కప్పీ ఎంత అని పట్టికలు అచ్చేశాడు. 1625 నుంచి 1860 వరకు ఇంగ్లిష్ యుద్ధనౌకలకు జేమ్స్ లీస్ రాసిన పుస్తకం ఉంది. కొయ్య మందం తెలిస్తే చాలు, మిగతా తాళ్లు అందులోంచి లెక్క కట్టుకోవచ్చు. కొత్తవాళ్లంతా ఎగబడేది 1765లో నీళ్లలోకి దిగిన విక్టరీ మీద. ట్రఫాల్గర్ యుద్ధంలో నెల్సన్ నిలబడిన ఓడ, ఇప్పటికీ పోర్ట్స్‌మత్‌లో ఉంది. దాని తాళ్లు దాదాపు 26 మైళ్లు, కప్పీలు ఏడు వందలకు పైగా అంటారు. 96వ వంతుకు కుదించినా నాలుగు వందల మీటర్ల దారం కట్టాలి. అంత పనికి పెట్టెలో వచ్చిన నూగు దారం వాడటం నాకు అర్థం కాదు.

దారం కొనడానికి విదేశాలకు ఆర్డరు పెట్టక్కర్లేదు. దగ్గర్లో దొరికే దారాన్నే పెన్సిలుకు ఇరవై చుట్లు సందు లేకుండా చుట్టండి, స్కేలు పెట్టి చూడండి. పది మిల్లీమీటర్లు వస్తే మీ దారం అర మిల్లీమీటరు. మా మరదలి టైలరింగ్ షాపులో నేను రీళ్లన్నీ ఇలా తిరగేస్తుంటే, "జాకెట్ గుడ్డ కొనేవాళ్లు కూడా ఇంత ఎంచరు బావగారూ" అంటుంది. పాలియెస్టర్ దారాన్ని మూడు పోగులు కలిపి మెలేస్తే మంచి తాడవుతుంది. వలలకు వాడే నైలాన్ దారం వద్దు, మెరుస్తుంది, ముడి నిలవదు. నూలు దారానికి నూగెక్కువ. నిజం తాడుకు మాత్రం నూగుండదా అని వాదిస్తారు కొందరు. ఉంటుంది. కానీ మీ దారం మీద ఒక మిల్లీమీటరు నూగు 48వ వంతు మోడల్లో రెండంగుళాల పీచుతో సమానం.

తాడు తేలాకే కప్పీ. దాని పొడవు సుమారుగా తాడు చుట్టుకొలతకు మూడు రెట్లు. కిట్టు కప్పీలు ఈ లెక్కకు పెద్దవి, పైగా చచ్చౌకం. అసలు కప్పీ అంచులు గుండ్రంగా తిరిగి ఉంటాయి. పోర్ట్స్‌మత్‌లో మార్క్ బ్రూనెల్ యంత్రాలు 1808 నాటికే ఏడాదికి అలాంటివి లక్షా ముప్పై వేలు తీసేవి. మనకు ఆ యంత్రాలు అక్కర్లేదు. సీసా లోపల గరుకు కాగితం అంటించి, చెక్క కప్పీలు పోసి, డ్రిల్లింగ్ మిషనుకు తగిలించి తిప్పితే అంచులు వాటంతటవే అరుగుతాయి. సరైన సైజు దొరక్కపోతే ఒక నెంబరు చిన్నదే తీసుకోండి. చిన్నదాన్ని కన్ను క్షమిస్తుంది, పెద్దదాన్ని క్షమించదు.

రంగు సంగతి: కొయ్యల్ని నిలబెట్టే తాళ్లకు తారు పూసేవాళ్లు కాబట్టి అవి ముదురు గోధుమ, లాగే తాళ్లు ఎండుగడ్డి రంగు. 1869 నాటి ఓడ కట్టీ సార్క్‌కు వచ్చేసరికి కొయ్యల్ని పట్టేది ఇనప తీగ తాడు. విక్టరీకి కొన్న దారం దానికి పనికిరాదు.

ఎగ్జిబిషన్లలో బహుమతులు ఇప్పటికీ హల్ నునుపుకే వెళ్తున్నాయి. న్యాయనిర్ణేతలు ఒక వెర్నియర్ వెంట తెచ్చుకుంటే సగం కప్పులు చేతులు మారతాయి.

కొత్తగా దిగేవాళ్లకు నా సలహా విక్టరీ కాదు, మన తీరపు దోనీ. మా కాకినాడ పక్కనే కోరంగిలో ఓడలు కట్టేవాళ్లు. 1802లో బ్రిటిష్ యుద్ధనౌక ఆల్బట్రాస్ అక్కడి డాకులోకే మరమ్మతుకు వచ్చింది. ఈ కోరమాండల్ తీరపు దోనీని జాన్ ఎడై 1834లో వర్ణించాడు. సుమారు 70 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, ఒకటే కొయ్య. 48వ వంతుకు పదిహేడున్నర అంగుళాలు, బల్ల మీద పడుతుంది. దీనికి కిట్టు లేదు, అదే మేలు. ప్రతి ముక్కా మీరే ఎంచాలి. కొబ్బరి పీచు తాడు నాలుగంగుళాల చుట్టుకొలత అనుకుంటే దారం ముప్పాతిక మిల్లీమీటరుకు కాస్త తక్కువ, కప్పీ ఆరు మిల్లీమీటర్లు. కప్పీకి బాక్స్‌వుడ్ తెప్పించుకోమంటాయి పుస్తకాలు. ఎండిన జామ కొమ్మ చాలు, పొర సన్నగా ఉంటుంది, అర మిల్లీమీటరు డ్రిల్లు పెట్టినా చీలదు.