శాక్సోఫోన్ ఆర్డరు పెట్టే ముందు ఒక మాట



పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక మన యవ్వనస్తుల్లో ఒక బాబు, వాళ్ల నాన్నగారు మందిరం మెట్ల దగ్గర ఆగారు. ఫోన్‌లో శాక్సోఫోన్ ఫొటో చూపించారు. బంగారంలా మెరిసిపోతోంది. "పామాయిల్ గెలల డబ్బులు పడ్డాయండి అయ్యగారూ. పదిహేను వేలే అంటున్నారు. ఆర్డరు పెట్టేస్తే క్రిస్మస్‌కి మావాడు వాయించేస్తాడండి" అన్నారు. మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. ఇంకో రెండు మూడు ఇళ్లలో కూడా ఇదే మాట నడుస్తోందని విన్నాము గనుక అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాము.

ముందు మా తప్పు ఒప్పుకోవాలి. మందిరం వెనక గదిలో బీరువా మీద ఒక నల్ల పెట్టె ఉంది, చాలామంది చూసే ఉంటారు. కొన్నేళ్ల క్రితం కానుకల డబ్బుతో మేమే తెప్పించిన శాక్సోఫోన్ అది. ధర తక్కువ, మెరుపు ఎక్కువ. ప్రార్థన చేసి మరీ పెట్టె తెరిచాము. పై స్వరాలు పలికాయి. కింది స్వరాలు మాత్రం గరగరమనేవి, లేదంటే ఉన్నట్టుండి పై స్థాయికి ఎగిరిపోయేవి. నేర్చుకుంటున్న తమ్ముడు తన ఊపిరే చాలడం లేదనుకున్నాడు. మేమూ అదే అనుకొని, "ఇంకా గట్టిగా ఊదు బాబూ" అన్నాము. రెండు నెలలకు మానేశాడు.

లోపం ఊపిరిది కాదు, ప్యాడ్లదని చాలాకాలం తరువాత తెలిసింది. ప్యాడ్లంటే మన మందిరంలో కర్రలతో కొట్టేవి కావు. శాక్సోఫోన్ గొట్టం మీద ఇరవైకి పైగా రంధ్రాలుంటాయి, వాటిని మూసే తోలు బిళ్లలను ప్యాడ్లంటారు. ఒక్క బిళ్ల వెంట్రుకవాసి తేడాగా కూర్చున్నా గాలి కారిపోతుంది, అక్కడి నుంచి కింది స్వరాలన్నీ చెడతాయి. ఆ తమ్ముడికి క్షమాపణ చెప్పాము. మళ్లీ వాద్యం పట్టుకోలేదు. ఆ పెట్టె చూసినప్పుడల్లా మాకు అదే గుర్తొస్తుంది.

కాబట్టి కొనడం గురించి మాకు తెలిసినంత చెబుతాము. మొదట నేర్చుకునేవారికి ఆల్టో మంచిది. టెనర్ బరువు, ఊపిరి కూడా ఎక్కువ అడుగుతుంది. సన్నగా తిన్నగా ఉండే సోప్రానో చూడడానికి సుళువు, శ్రుతిలో నిలపడం కష్టం. యమహావారు విద్యార్థుల కోసం చేసే ఆల్టో కొత్తది కొనాలంటే లక్ష పైమాటే. మన రైతు కుటుంబాలకు అది మాటలు కాదు. మంచి తయారీది పాతది దొరికితే కొత్త నాసిరకం కన్నా అదే మేలని మా అభిప్రాయం. అయితే వాయించడం వచ్చిన మనిషిని వెంట తీసుకెళ్లాలి. పై స్వరం నుంచి అట్టడుగు స్వరం దాకా మెల్లగా, నెమ్మదిగా ఊదమనాలి. గట్టిగా ఊదితే చాలా లోపాలు దాక్కుంటాయి. చిన్న ఊపిరికి కింది స్వరం పలికిందా, ధైర్యంగా బేరమాడవచ్చు.

మరి ఆ వాయించడం వచ్చిన మనిషి ఎవరు? అసలు రాయాలనుకున్నది ఇదే.

మన మండలంలోనే ఒక పెద్దాయన ఉన్నారు. బ్యాండు మేళంలో క్లారినెట్ వాయిస్తూ వయసంతా గడిపారు, శాక్సోఫోన్ కూడా వాయిస్తారు. పెళ్లి ఊరేగింపుకి పిలుస్తాము, శవయాత్రకి పిలుస్తాము, డబ్బులిచ్చి పంపేస్తాము. మన పిల్లలకు నేర్పడానికి మందిరానికి పిలుద్దామని మేమంటే, "బ్యాండోడా అండి?" అన్నారు ఒకరు. "జాతరల్లో వాయించే మనిషి కదండీ" అన్నారు ఇంకొకరు. నొచ్చుకోకండి, ఆ రెండు మాటలూ మాకు నచ్చలేదు. సొలొమోను మందిరపు ఇత్తడి పనికి తూరు నుంచి హీరామును పిలిపించాడు (1 రాజులు 7:13, 14). అక్కడ చూసింది అతని చేతి నేర్పు. 33వ కీర్తన మూడో వచనం కూడా వాయించేవారి దగ్గర నేర్పునే అడుగుతుంది.

అడాల్ఫ్ శాక్స్ అనే బెల్జియం దేశస్థుడు 1846లో పారిస్‌లో పేటెంట్ తీసుకున్న వాద్యమిది. ఒళ్లు ఇత్తడిదే గాని నోటి దగ్గర క్లారినెట్‌లాగే ఒక్క వెదురులాంటి రీడు. పెదవి పట్టు, రీడు తడపడం, పొట్ట నుంచి ఊపిరి తీయడం, ఇవన్నీ క్లారినెట్ వాయించేవారికి చేతిలో పని. కద్రి గోపాలనాథ్ గారి పేరు వినే ఉంటారు. మంగళూరు వైపు మనిషి, నాదస్వరం వాయించే తండ్రికి కొడుకు. మైసూరు ప్యాలెస్ బ్యాండులో శాక్సోఫోన్ చూసి మనసు పడ్డారు. ఏళ్ల తరబడి సాధన చేసి దానిమీద కర్ణాటక సంగీతం పలికించారు. 1994లో లండన్‌లో బీబీసీవారి ప్రామ్స్ వేదిక ఎక్కారు, 2004లో పద్మశ్రీ వచ్చింది. ఆ మార్గం మొదలైంది ఒక బ్యాండును చూసి, బ్యాండోళ్లని చిన్నచూపు చూసి కాదు.

ఇక క్రిస్మస్ సంగతి. ఈ క్రిస్మస్‌కి వద్దు. మొదటి వారాల్లో మౌత్‌పీస్, దాని మెడ గొట్టం మాత్రమే పట్టుకొని ఒకే స్వరం నిలకడగా ఊదాలి. తరువాత ఎడమచేతి చూపుడు వేలితో బి, రెండు వేళ్లతో ఎ, మూడు వేళ్లతో జి. రీడు రెండో నంబరుది చాలు. ఇంకో చిక్కు ఉంది. ఆల్టో మీద సి వాయిస్తే కీబోర్డు మీది ఈ ఫ్లాట్ వినబడుతుంది. కీబోర్డు తమ్ముడు సి స్కేలు పట్టుకుంటే శాక్సోఫోన్ బాబు ఎ స్కేలు పట్టుకోవాలి, ఎఫ్ అయితే డి. ఇది తెలియక ఇద్దరూ "సి" అనుకొని మొదలుపెడితే, ఆ పాట మధ్యలో ఆపమని మేమే చెయ్యెత్తాల్సి వస్తుంది. పన్నెండేళ్ల పిల్లవాడు అందరి ముందు ఒకసారి అలా నవ్వులపాలైతే మళ్లీ పెట్టె తెరుస్తాడా?

మందిరం చుట్టుపక్కల ఇళ్లవారికి మనవి. ఇకమీదట సాయంత్రాలు మేకపిల్ల అరిచినట్టు చప్పుడు వస్తుంది. కొన్ని నెలలు వస్తుంది. తిట్టుకోకండి, తిట్టుకుంటే మమ్మల్నే తిట్టుకోండి.

ఆ బాబు నాన్నగారితో మాట్లాడాము. ఆర్డరు ఆపారు. మంగళవారం ముగ్గురం కలిసి పెద్దాయన ఇంటికి వెళ్తున్నాము. బీరువా మీది నల్ల పెట్టె కూడా పట్టుకెళ్తున్నాము. "పారేయకండి, తెచ్చి చూపించండి. ప్యాడ్లు మారిస్తే పలుకుతుందేమో చూద్దాం" అని ఫోన్‌లో ఆయనే అన్నారు.