మధ్యలో ఆ "కానీ" ఎందుకు?

పిల్లలూ, ముందుగా ఒక ప్రశ్న. "ఆ అమ్మాయి ఎర్రగా ఉంటుంది" అని తెలుగులో ఎవరైనా అంటే మీకేం అర్థమవుతుంది? ఎండకి ముఖం కందిపోయిందనుకుంటారు, లేకపోతే జ్వరం వచ్చిందనుకుంటారు. రెండూ కాదు. ఒంటి రంగు గురించి చెప్పేటప్పుడు మన వాడుకలో ఎరుపు అంటే తెలుపు! "ఎర్రగా బుర్రగా ఉంది" అంటే తెల్లగా, అందంగా ఉందని. చూశారా, రంగూ అందమూ ఒకే మాటలో ఎలా అతుక్కుపోయాయో!

ఇప్పుడు ఇంకో మాట నేర్చుకుందాం. చామనఛాయ. మరీ తెలుపూ కాదు, మరీ నలుపూ కాదు, మధ్యస్థంగా ఉండే గోధుమ రంగు. మనలో చాలామందిది ఈ రంగే. వినడానికి కూడా ఎంత బావుంటుందో ఈ మాట! దీన్ని పెద్దవాళ్ళు వాక్యంలో ఎలా వాడతారో గమనించండి. "చామనఛాయే కానీ ముఖం కళగా ఉంటుంది." "నలుపే కానీ కనుముక్కు తీరు బావుంటుంది."

వాళ్ళు మెచ్చుకుంటూనే అంటారు. మిమ్మల్ని బాధపెట్టాలని కాదు. కానీ మధ్యలో ఆ "కానీ" ఎందుకు? వ్యాకరణంలో "కానీ" ఎప్పుడు వాడతాం? ఒక లోపం చెప్పి, దానికి ఎదురుగా ఒక మంచి చెప్పేటప్పుడు. "ఇల్లు చిన్నదే కానీ గాలి బాగా వస్తుంది" అన్నట్టు. అంటే ఆ వాక్యంలో మీ ఒంటి రంగు ముందే లోపం అయిపోయింది. ఈ పాఠంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ "కానీ" మన మాటల్లోంచి పోవాలి. మన బట్టల్లోంచి, మన మేకప్ డబ్బాలోంచి కూడా పోవాలి.

బట్టల్లో "కానీ" ఎక్కడుంటుంది టీచర్ అంటారేమో. చాలా చోట్ల ఉంటుంది. "నాకు పసుపు నప్పదు." "నారింజ వేసుకుంటే ఇంకా నల్లగా కనిపిస్తాను." "ముదురు ఎరుపు తెల్లగా ఉన్నవాళ్ళకే బావుంటుంది." పదమూడేళ్ళ అమ్మాయిలు కూడా ఈ మాటలు అంటున్నారు. నేను ఈ దేశం వచ్చి ఎక్కువ కాలం కాలేదు. ఇలాంటి మాటలు మన ఊళ్ళలోనే ఉంటాయనుకున్నాను. సముద్రాలు దాటి ఇవి కూడా సూట్‌కేసుల్లో వచ్చేశాయి. బట్టల దగ్గర ఆగినా పరవాలేదు. ఎండలో నల్లబడతానని స్విమ్మింగ్ మానేసే అమ్మాయిలున్నారు. టెన్నిస్ మానేసినవాళ్ళూ ఉన్నారు. ఇష్టమైన ఆట మానుకోవలసి వస్తే అది అందం గురించిన సలహా కాదు, శిక్ష.

మన పాత కథల్లో ఈ భయం ఇంతగా కనిపించదు. మహాభారతంలో ద్రౌపదికి ఇంకో పేరు కృష్ణ. నల్లని ఛాయ వల్లే ఆ పేరు వచ్చింది. స్వయంవరానికి రాజులందరూ పరుగెత్తుకొచ్చింది ఆమె కోసమే! శ్యామల అని మనం ముద్దుగా పెట్టుకునే పేరుకి కూడా నల్లని ఛాయ గలది అనే అర్థం. "నలుపు నారాయణ మెచ్చు" అని సామెత కూడా ఉంది.

మరి తెల్లబడాలన్న తాపత్రయం ఎలా పెరిగింది? కారణాలు చాలా ఉన్నాయి. పొలంలో ఎండలో పనిచేసేవాళ్ళు నల్లబడతారు, నీడన కూర్చునేవాళ్ళు నల్లబడరు. అందుకని తెలుపు డబ్బుకీ హోదాకీ గుర్తు అయిపోయింది. కులం గురించిన తప్పుడు ఊహలు దీనికి తోడయ్యాయి. తర్వాత తెల్లవాళ్ళ పాలన వచ్చింది. ఆ తర్వాత సినిమాలు, పెళ్ళి ప్రకటనలు, వ్యాపారం. ఫెయిర్ అండ్ లవ్లీ అనే క్రీము 1975లో మన దేశంలో అమ్మకానికి వచ్చింది. తెల్లబడితేనే ఉద్యోగం, తెల్లబడితేనే పెళ్ళి అన్నట్టు ఏళ్ళ తరబడి ప్రకటనలు చూపించారు. 2020లో విమర్శలు బాగా పెరిగాక దాని పేరు గ్లో అండ్ లవ్లీ అని మార్చారు. డబ్బా మీద పేరు మారింది. మన నోటి మాట మాత్రం ఇంకా మారలేదు.

మీలాగే విదేశంలో పుట్టిన ఒక తెలుగు అమ్మాయి గురించి చెబుతాను. నీనా దావులూరి. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టింది. 2013 సెప్టెంబరులో మిస్ అమెరికా కిరీటం గెలిచింది. భారత సంతతి నుంచి ఆ కిరీటం గెలిచిన మొదటి అమ్మాయి ఆమే. పోటీలో మన శాస్త్రీయ నృత్యాన్నీ బాలీవుడ్‌నీ కలిపి డాన్స్ చేసింది. గెలిచిన రాత్రే అమెరికాలో కొందరు "ఈమె అమెరికనే కాదు" అని ఇంటర్నెట్‌లో తిట్టారు. ఇటు ఇండియాలో ఇంకో చర్చ మొదలైంది. ఇంత చామనఛాయ అమ్మాయిని మన దేశపు పోటీల్లో అయితే గెలవనిచ్చేవాళ్ళా అని. ఒకచోట పరాయిదన్నారు, ఇంకోచోట నల్లగా ఉందన్నారు. ఆమె రెండింటికీ తలవంచలేదు. రంగు వివక్షకి వ్యతిరేకంగా ఇప్పటికీ మాట్లాడుతూనే ఉంది.

"ఎవరిష్టం వాళ్ళది కదా టీచర్! జుట్టుకి రంగు వేసుకుంటారు, తెల్లవాళ్ళు ఎండలో పడుకుని ఒళ్ళు గోధుమ రంగు చేసుకుంటారు. మేము కొంచెం తెల్లబడితే తప్పేంటి?" అని మీలో ఎవరైనా అడగొచ్చు. మంచి ప్రశ్న. ఇష్టం వేరు, భయం వేరు. నీలం రంగు జుట్టు లేకపోతే పెళ్ళి కాదని ఎవరూ ఎవరినీ బెదిరించరు. ఎండలో పడుకోవడం కూడా చర్మానికి మంచిది కాదు, అది మనకి ఆదర్శం కానక్కర్లేదు.

పైగా తెల్లబరిచే క్రీముల్లో నిజమైన ప్రమాదం ఉంది. ఊరి నుంచి వచ్చేవాళ్ళు తెచ్చేవి, చిన్న దుకాణాల్లో లేబుల్ లేకుండా అమ్మేవి కొన్నింటిలో పాదరసం ఉంటుంది. పాదరసం అంటే పాత థర్మామీటర్లలో వెండిలా మెరిసే లోహం. అది చర్మం గుండా ఒంట్లోకి వెళ్ళి మూత్రపిండాల్ని, నరాల్ని దెబ్బతీస్తుంది. ప్రపంచ దేశాలు 2013లో చేసుకున్న మినమాటా ఒప్పందంలో ఇలాంటి క్రీముల తయారీ ఆపాలని రాసుకున్నారు. అయినా దొంగచాటుగా వస్తూనే ఉన్నాయి. డబ్బా మీద కాలోమెల్ అని గానీ, మెర్క్యురస్ క్లోరైడ్ అని గానీ ఉంటే ముట్టుకోవద్దు. అసలు ఏం కలిపారో రాయని డబ్బా అయితే తెరవనే వద్దు. ఇంకొన్నింటిలో స్టెరాయిడ్ మందులు ఉంటాయి. మొదట్లో ముఖం మెరుస్తుంది. తర్వాత చర్మం పలచబడుతుంది, మొటిమలు వస్తాయి. ఇంట్లో అలాంటి డబ్బా కనిపిస్తే అమ్మకి ఈ పేజీ చదివి వినిపించండి.

సరే, వద్దన్నవి చెప్పాను. ఇప్పుడు కావలసినవి చెప్పుకుందాం. మన తెలుగులో రంగుల పేర్లు ఎక్కడి నుంచి వచ్చాయో చూడండి. వంకాయ రంగు, నేరేడు రంగు, మామిడిపండు రంగు, మిరపపండు ఎరుపు, చిలకపచ్చ, ఉల్లిపొర రంగు, నెమలికంఠం రంగు. అన్నీ తోటలోంచి, వంటింట్లోంచి, పిట్టల నుంచి వచ్చినవే. చీరల కొట్టులో ఈ పేర్లే వినిపిస్తాయి. ఇవన్నీ మన నేల రంగులు, మన ఒంటికి అలవాటైన రంగులు. చామనఛాయ మీద మామిడిపండు పసుపు ఎంత వెలుగుతుందో ఒక్కసారి వేసుకుని పగటి వెలుతురులో చూసుకోండి. నలుపు ఛాయ మీద మిరపపండు ఎరుపు, నెమలికంఠం రంగు ఇంకా నిండుగా కనిపిస్తాయి. వెలిసిపోయిన రంగుల వెనక దాక్కోనక్కర్లేదు.

ఎండాకాలానికి మంగళగిరి నూలు, ఖాదీ చల్లగా ఉంటాయి. గల్ఫ్‌లో ఉండే పిల్లలకి ఏడాదిలో ఎక్కువ రోజులు ఇవే హాయి. మంగళగిరి చున్నీ జీన్స్ మీద వేసుకున్నా అందంగానే ఉంటుంది. ఆకులు రాలే కాలంలో దసరా, దీపావళి వస్తాయి. అప్పుడు చుట్టూ చెట్లన్నీ పసుపు, నారింజ, ఎరుపు. మీరు పోచంపల్లి ఇక్కత్ కుర్తా గానీ, కలంకారీ లంగా మీద ఒక స్వెట్టర్ గానీ వేసుకుంటే ఆ చెట్లతో పోటీ పడొచ్చు. కలంకారీలో శ్రీకాళహస్తిది కలంతో గీసేది, పెడనది చెక్క అచ్చులతో అద్దేది. రెండూ చేతిపనే.

సంక్రాంతికి అమెరికాలో, ఇంగ్లండ్‌లో గజగజ వణికే చలి. లంగా ఓణీ కట్టుకుంటే చలి వేస్తుందని కోటు కప్పేసుకుని ఫోటోకి మాత్రమే తీసేవాళ్ళని చూశాను. అంత కష్టం అక్కర్లేదు. లోపల వెచ్చని లెగ్గింగ్స్, జాకెట్టు బదులు పొడుగు చేతుల మెడ మూసిన స్వెట్టర్, దాని మీద ఓణీ. ఓణీ జారకుండా భుజం దగ్గర ఒక పిన్ను. అంతే! దక్షిణాఫ్రికాలో, మారిషస్‌లో ఉన్న పిల్లలు నవ్వుకుంటూ ఉంటారు, ఎందుకంటే వాళ్ళకి సంక్రాంతి మండువేసవిలో వస్తుంది. వాళ్ళకి పలచని నూలు ఓణీ చాలు.

ఇక మేకప్. వేసుకోమని నేను చెప్పడం లేదు, వద్దనీ అనడం లేదు. ఏ వయసులో మొదలుపెట్టాలో మీ ఇంట్లో మాట్లాడుకోండి. వేసుకునేటట్టయితే ఒక్క నియమం పెట్టుకోండి. ముఖాన్ని మెడ కంటే తెల్లగా చేయకూడదు. ఫౌండేషన్ కొనేటప్పుడు చేతి మీద కాదు, దవడ మీద కొద్దిగా రాసి, దుకాణం బయటికొచ్చి పగటి వెలుతురులో చూడండి. కలిసిపోతే అది మీది. బూడిద పూసినట్టు కనిపిస్తే అది మీది కాదు. మనలో చాలామంది చర్మం లోపలి నుంచి పసుపుగా, బంగారు ఛాయగా ఉంటుంది. గులాబీ ఛాయ ఫౌండేషన్లు అలాంటి చర్మం మీద పాలిపోయినట్టు కనిపించేది అందుకే. ఒకప్పుడు మన రంగుకి తగ్గవి దొరకడం కష్టంగా ఉండేది. 2017లో ఫెంటీ బ్యూటీ ఒకేసారి 40 ఛాయలతో వచ్చాక మిగిలిన కంపెనీలు కూడా ముదురు ఛాయలు పెంచాయి. అంటే లోపం మన చర్మంలో కాదు, ఇన్నాళ్ళూ దుకాణం అరల్లో ఉంది.

ఎండాకాలంలో రంగు కాస్త ముదురుతుంది, చలికాలంలో కాస్త తగ్గుతుంది. చెట్టు ఆకు మారినట్టు అది కూడా మామూలే. ఫౌండేషన్ వాడేవాళ్ళు రెండు దగ్గరి ఛాయలు పెట్టుకుని కలుపుకుంటే సరిపోతుంది. సన్‌స్క్రీన్ మాత్రం అందరికీ కావాలి. నల్లబడకుండా ఉండడానికి కాదు, చర్మం పాడవకుండా ఉండడానికి. ఎస్‌పీఎఫ్ 30 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్నది రాసుకుని, బయట ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి మళ్ళీ రాసుకోండి. జింక్ ఆక్సైడ్ ఉన్నవి మన ముఖం మీద తెల్లగా తేలతాయి. లేత గోధుమ రంగు కలిపినవి దొరుకుతాయి, అవి బావుంటాయి. రాసుకుని హాయిగా ఈతకి వెళ్ళండి.

కాటుక మన కళ్ళకి ఇష్టమైన అలంకారం. పేరూ ఊరూ లేని సుర్మా డబ్బాలు మాత్రం వద్దు, కొన్నింటిలో సీసం ఉంటుంది. ఆషాఢ మాసంలో, అంటే జూన్, జూలైల్లో గోరింటాకు పెట్టుకోవడం మన ఆచారం. అసలైన గోరింటాకు మొదట నారింజగా పండి, ఒకటి రెండు రోజుల్లో ఎర్రబడుతుంది. పెట్టగానే నల్లగా వచ్చేది గోరింటాకు కాదు. అందులో జుట్టుకి వేసే రంగు మందు కలిపి ఉండొచ్చు, చేతులు బొబ్బలెక్కుతాయి.

ఇవన్నీ చేయడానికి ఎక్కువ డబ్బు అక్కర్లేదు. కావలసింది అద్దం ముందు నిలబడినప్పుడు కొంచెం ధైర్యం. ఇంకొంచెం ధైర్యం పెద్దవాళ్ళ ముందు కావాలి. ఈసారి ఏ అత్తయ్యో, పిన్నో "చామనఛాయే కానీ కళగా ఉన్నావే" అంటే కోపం తెచ్చుకోకండి. ఎదురు సమాధానమూ వద్దు. నవ్వి, ఆ వాక్యాన్నే సరిచేసి చెప్పండి: "చామనఛాయ, కళగా ఉన్నాను అత్తయ్యా!" మీ తెలుగు చూసి ఆవిడ మురిసిపోతారు. ఏ మాట తీసేశారో తర్వాత ఆలోచించుకుంటారు.

మాట్లాడుకుందాం

1. మీ ఇంట్లో ఒంటి రంగు గురించి వాడే తెలుగు మాటలు ఏవి? వాటిలో మెచ్చుకోలు ఏది, వెక్కిరింత ఏది?
2. పండు, కూర, పిట్ట పేరుతో ఉన్న రంగులు ఇంకో మూడు అమ్మమ్మనో నాయనమ్మనో అడిగి రాసుకు రండి.
3. నాకు నప్పదు అని మీరు పక్కన పెట్టేసిన రంగు ఏది? ఆ మాట మీకు ముందు ఎవరు చెప్పారు? ఐదు వాక్యాల్లో రాయండి. "కానీ" అనే మాట వాడకూడదు.